గొంతులో వేపపుల్ల

సౌందర్య మా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కొత్తగూడ దాటి అడవి వైపు పోయే రోడ్డు పక్కన ఉన్న చిన్న బడి మాది. నేను దేవరుప్పుల నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఆమె నాతో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. బియ్యం కడగడం, పప్పు ఎసట్లో వేయడం, పిల్లలకు వడ్డించడం, గిన్నెలు తోమించి తలుపు తాళం వేసుకుని పోవడం, అంతే.

ఒకరోజు రెండో తరగతి పిల్లాడు చెంచా నోట్లో పెట్టుకుని వరండాలో పరుగెత్తాడు. సౌందర్య గంజి వారుస్తున్నది వారుస్తున్నట్టే వదిలేసి వాడి వెంట ఉరికింది. భుజం పట్టి ఆపి, చెంచా లాక్కుని, అక్కడే కూలబడిపోయింది. గంజి పడి ఆమె పాదం కాలింది. అది కూడా ఆమెకు తెలియలేదు. పాదానికి నీళ్లు పోస్తూ ఏమైందని అడిగాను. ఆ రోజు కొంచెం చెప్పింది. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ చాలా మధ్యాహ్నాలు చెప్పింది. ఇంటి దగ్గర జరిగిందేమిటో చాలా కాలానికి ఆమె భర్త హరిలాల్ నోటే విన్నాను. ఆ రెండూ కలిపి రాస్తున్నాను.

సౌందర్య పుట్టిన తండా ఇక్కడికి రెండు వాగుల అవతల. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి చాంద్యా పోడు చేసుకుంటూ, ఎండాకాలం తునికాకు కోస్తూ పిల్లను పెంచాడు. హాస్టల్‌లో ఉండి పది దాకా చదివింది. హరిలాల్‌కిచ్చి పెళ్లి చేశారు. అతను కొత్తగూడ నుంచి చుట్టుపక్కల తండాలకు ఆటో నడుపుతాడు. మాట మెత్తన, మనిషి నెమ్మది.

అత్తగారింట్లో సౌందర్యకు బాగా దగ్గరైంది మాత్రం భర్త కాదు, అత్త గంగి. కాపురానికి వచ్చిన మొదటి వానాకాలం సౌందర్యకు మలేరియా వస్తే గంగి ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుని గంజి తాగించింది. తల్లి ముఖం సరిగ్గా గుర్తులేని పిల్లకు అది చాలు. ఆ నాటి నుంచి అత్తను యాడీ అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మ అని. గంగి కూడా ఈమెను కోడలని ఎక్కడా చెప్పుకునేది కాదు. మా బిడ్డ అనేది. పెద్ద కోడలు ఏదో తగువులో వేరు కుండ పెట్టుకుని ఊరి అవతలికి పోయింది. చిన్నది మాత్రం తన దగ్గరే ఉంటుందని గంగి అందరికీ చెప్పుకుని మురిసేది.

కొడుకు నిఖిల్‌కు మూడేళ్లు నిండాక, ఆ ఏడు పత్తి తీసే కాలంలో తండా ఆడవాళ్లు చిట్యాల వైపు కూలికి పోయారు. అక్కడ కరుణాకర్ అనే రైతుకు పెద్ద పత్తి చేను ఉంది. ఏటా ఈ తండా వాళ్లే పోయి తీసి వస్తారు. పని అయిపోయేదాకా ఆయన బావి దగ్గరి రేకుల షెడ్డులోనే వంట, పడక. సౌందర్య అంతకుముందెప్పుడూ పిల్లాడిని వదిలి పోలేదు. ఈసారి కూడా పోనంది. గంగి నచ్చజెప్పింది. నేను లేనా, వాడి తండ్రి లేడా, కంటికి రెప్పలా చూసుకుంటాం అంది. హరిలాల్ కూడా అదే మాట అన్నాడు. సౌందర్య ట్రాలీ ఎక్కుతుంటే నిఖిల్ ఏడవలేదు. నాయనమ్మ చంకలో కూర్చుని చెయ్యి ఊపాడు.

ఆమె చిట్యాలలో ఉండగా ఇంట్లో జరిగింది ఇది.

హరిలాల్ పొద్దున్నే వేపపుల్లతో పళ్లు తోముకుంటాడు. తండ్రిని చూసి కొడుకు కూడా పుల్ల కావాలని మారాం చేసేవాడు. హరిలాల్ సన్నటి పుల్ల ఒకటి చెక్కి ఇచ్చేవాడు. ఇద్దరూ గడప ముందు కూర్చుని తోముకోవడం చూసి గంగి నవ్వుకునేది. ఆ రోజు పిల్లాడు పుల్ల నోట్లో పెట్టుకుని లేచి ఉరికాడు. హరిలాల్ పట్టుకుంటా పట్టుకుంటా అంటూ వెంటబడ్డాడు. ఆటకే. పిల్లాడు వెనక్కి చూసి నవ్వుతూ వాకిట్లోని బండరాయి తట్టుకుని బోర్లా పడ్డాడు.

లేపి చూసేసరికి నోటి నిండా రక్తం. గంగి పుల్ల లాగేసింది. పసుపు నీళ్లతో నోరు కడిగింది. కాసేపటికి రక్తం ఆగింది. పుల్ల మాత్రం కొస విరిగి ఉంది. విరిగిన ముక్క కోసం గంగి వాకిలంతా వెతికింది. చుట్టుపక్కల ఆడవాళ్లూ వచ్చి వెతికారు. దొరకలేదు. మట్టిలో ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నారు. ఊళ్లో మందులిచ్చే బిక్షపతి దగ్గరికి తీసుకుపోతే ఆయన టార్చి వేసి చూసి, గొంతు వెనక చిన్న గాయం ఉంది, మానిపోతుంది, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

ఆ సాయంత్రం సౌందర్య ఫోన్ చేసింది. వీడియోలో పిల్లాడిని చూపించమంది. గంగి ఫోన్ తీసుకుని వాడు పడుకున్నాడని చెప్పింది. మర్నాడు కూడా ఆడుకోవడానికి పోయాడంది. తర్వాత సిగ్నల్ లేదంది. అక్కడ షెడ్డులో సౌందర్య పక్కవాళ్లకు పిల్లాడి ఫోటోలు చూపించుకుంటూ, మా యాడి దగ్గర నన్ను మరిచే పోయినట్టున్నడు అని నవ్వేది.

పత్తి అయిపోయి ఆమె ఇంటికి వచ్చేసరికి నిఖిల్ ఎదురు రాలేదు. మంచంలో ఒక పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు. నోటి చివర నుంచి చొంగ కారుతోంది. ఎత్తుకుంటే ఒళ్లు కాలిపోతోంది. మెడ తిప్పమంటే తిప్పడు, భుజంతో సహా తిరుగుతున్నాడు. ఏమైందని అడిగితే గంగి గొంతు నొప్పి అంది. చల్లగాలి తగిలిందంది. నిన్నటి నుంచే జ్వరం, సూది వేయించినం, తగ్గుతదంది. హరిలాల్ ఆటో తుడుస్తూ ఉండిపోయాడు.

సౌందర్య బట్టల మూట కూడా విప్పకుండా పిల్లాడిని తీసుకుని బిక్షపతి దగ్గరికి పోయింది. ఆయన ఆమె ముఖం వైపు చూడలేదు. గొంతు వాపు, నా చేతిలో లేదు, వెంటనే మహబూబాబాద్ తీసుకుపొండి అన్నాడు. ఆమెకు చెప్పొద్దని హరిలాల్ అప్పటికే ఆయన్ని బతిమాలుకుని ఉన్నాడు. దారిలో బోరింగు దగ్గర ఆడవాళ్లు సౌందర్యను ఆపి, పత్తి ఎట్లుందే, ఎండకు నల్లబడ్డవు అని పలకరించారు. పిల్లాడి తల నిమిరారు. పుల్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. గంగి ఇల్లిల్లూ తిరిగి, నా కోడలికి నేనే చెప్పుకుంటా, మీరు చెప్పకండి అని అడిగి ఉంది.

మహబూబాబాద్‌లో పిల్లల డాక్టరు అరుణ. నడివయసు మనిషి. పిల్లాడిని చూడగానే కుర్చీ దగ్గరికి లాక్కుంది. నోరు తెరిపించబోతే వాడు పళ్లు బిగించాడు. ఎక్స్‌రే తీయించి చూసి, గొంతు వెనక బాగా వాపు ఉందని చెప్పింది. ఆ వాపు ఎందుకొచ్చిందో తెలియడం లేదంది. అప్పుడు అడిగింది.

"నోట్లో ఏమన్న పెట్టుకొని పడ్డడా అమ్మా? పుల్ల, పెన్ను, చెంచా, బ్రష్షు, ఏదైనా? బాగ యాది చేసుకొని చెప్పు. పుల్లలాంటిదైతే ఎక్స్‌రేల కనపడది."

హరిలాల్ సౌందర్య భుజానికి ఆనుకునే నిలబడి ఉన్నాడు.

"లేదు మేడం," అంది సౌందర్య. "అసొంటిదేం లేదు. నేను ఊళ్ల లేకుంటి. పడితే నాకు చెప్పకుంటరా మావోళ్లు?"

డాక్టరు హరిలాల్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. సరే అని ఆమె పిల్లాడిని చేర్చుకుని సెలైన్‌లో మందులు మొదలుపెట్టింది.

మర్నాటికి పిల్లాడి ఊపిరిలో గురక వంటి శబ్దం మొదలైంది. పడుకోబెడితే ఎగపోస్తున్నాడు, కూర్చోబెట్టి ఒళ్లో పట్టుకోవాల్సి వచ్చింది. అరుణ డాక్టరు మళ్లీ వచ్చి మళ్లీ అదే అడిగింది. ఈసారి కొంచెం కటువుగా. దాచితే పిల్లాడికే నష్టం అని కూడా అంది. సౌందర్య తన కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె నాకు ముఖం చూపించలేదు. బియ్యం చాటను ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది.

వరంగల్‌లో పెద్ద దవాఖానకు పంపించారు. 108లో హరిలాల్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు, సౌందర్య వెనక పిల్లాడిని ఒళ్లో నిటారుగా పట్టుకుని కూర్చుంది. అక్కడ స్కాన్ తీశారు. గొంతు వెనక చీము గడ్డ కట్టిందని, అది కిందికి జారితే ప్రాణానికే ముప్పని చెప్పి, మత్తిచ్చి లోపలికి తీసుకుపోయారు. తలుపు బయట సౌందర్య గోడకు తల ఆనించి కూర్చుంది. హరిలాల్ అటూ ఇటూ తిరిగాడు. ఒకసారి ఆమె దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడట. ఆమె, ఏం కాదులే, మన యాడి మొక్కుకుంది, ఏం కాదు అని అతనికే ధైర్యం చెప్పింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చి పిల్లాడికి ప్రాణభయం తప్పిందన్నాడు. తర్వాత ఒక చిన్న సీసా చూపించాడు. లోపల చిటికెనవేలి గోరంత పుల్ల ముక్క, నల్లబడి ఉంది. చీములో ఇది దొరికిందన్నాడు. ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. చుట్టూ ఉన్న జనం సౌందర్య వైపు తిరిగి చూశారు. ఒక ముసలామె, తల్లివేనా నువ్వు అంది.

హరిలాల్ అప్పుడు మందుల కోసం కిందికి పోయి ఉన్నాడు. సౌందర్యకు ఆ ముక్క ఏమిటో, తన కొడుకు గొంతులోకి ఎట్లా పోయిందో అర్థం కాలేదు. భర్తకు కూడా తెలియదనే అనుకుంది. ఇంతలో ఫోన్ మోగింది. పక్కింటి మౌనిక. ఈడుది, ఇద్దరూ కలిసే కట్టెలకు పోతారు. కాలు బాగోలేక ఆ ఏడు పత్తికి రాలేదు. పిల్లాడెట్లున్నాడని ఏడుస్తూ అడిగింది. గొంతులోంచి పుల్ల ముక్క తీశారని సౌందర్య చెప్పింది.

"అయితే లోపలనే ఇరిగిందా అక్కా?" అంది మౌనిక. "యాడి గా రోజు ఎంత దేవులాడిందో దానికోసం. మేమందరం దేవులాడినం."

"ఏ రోజు?" అని అడిగింది సౌందర్య.

మౌనిక ఫోన్ పెట్టేసింది.

హరిలాల్ మందుల కవరుతో పైకి వచ్చేసరికి ఆమె అదే చోట కూర్చుని ఉంది. అరవలేదు. ఏం జరిగిందో చెప్పమంది. అతను గోడ పక్కన చతికిలబడి మొత్తం చెప్పాడు. పుల్ల చెక్కి ఇవ్వడం, వెంటబడటం, రక్తం, వెతకడం. నువ్వు పని ఇడిసిపెట్టి ఉరికొస్తవని ఫోన్ల చెప్పలేదన్నాడు. వచ్చినంక చెప్దామనుకున్నానన్నాడు. వచ్చిన తర్వాత పిల్లాడిని ఆ స్థితిలో చూసి ఆమె ముఖం మారిపోయిందని, ఆ ముఖం చూసి నోరు రాలేదన్నాడు.

"డాక్టరమ్మ అడుగుతున్నప్పుడు నా పక్కకే ఉన్నవు," అంది సౌందర్య.

"ఉన్న."

"లేదు లేదు అని నేను అంటుంటే ఇన్నవు."

"ఇన్న."

"పోరని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన. గది గూడ సూసినవు."

అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

"దెబ్బ తాకిచ్చినందుకు నాకు కోపం లేదు. ఆడుకుంటుంటే నా చేతిల ఉన్నా పడుతుండె," అంది. "కాని నాతోని అబద్ధం చెప్పిచ్చినవు. నా కొడుకు మీద ఒట్టేయిచ్చినవు."

ఆ తర్వాత వార్డులో ఉన్నన్నాళ్లు అతన్ని దగ్గరికి రానీయలేదు. అతను మెట్ల దగ్గర కూర్చుని, మందులు కావాలంటే తెచ్చి నర్సు చేతికిచ్చేవాడు.

గంగి జొన్నరొట్టెలు కట్టుకుని బస్సులో వచ్చింది. మంచం దగ్గరికి వచ్చి పిల్లాడి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. వాళ్ల భాషలోనే మాట్లాడుకున్నారని సౌందర్య చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. పెద్ద కోడలు పోయింది, తెలిస్తే నువ్వు గూడ పిల్లగాన్ని తీసుకొని పోతవేమో అనుకున్న, నిన్ను పోగొట్టుకోవద్దనే దాచిన బిడ్డా అంది గంగి. అందులో అబద్ధం లేదని సౌందర్యకు తెలుసు. అదే ఆమెను ఎక్కువ కోసింది.

"నేను నీ బిడ్డనైతే ముందుగాల నాకే చెప్తుంటివి," అంది. "ఇల్లిల్లు తిరిగి అందరికి చెప్పినవు, నాకొక్కదానికే చెప్పొద్దని. నువ్వు నీ కొడుకును కాపాడుకున్నవు. నా కొడుకును ఎవలు కాపాడాలె?"

గంగి తెచ్చిన రొట్టెలు పక్క మంచం వాళ్లు తిన్నారు.

దవాఖాన నుంచి పంపించాక సౌందర్య ఇంటికి పోలేదు. పిల్లాడితో తండ్రి దగ్గరికి పోయింది. చాంద్యా మనవడికి మెత్తగా జొన్న గటక కాచిపెట్టాడు. నిఖిల్ గాయం మానింది గానీ భయం పోలేదు. చెంచా చూస్తే ముఖం తిప్పుకునేవాడు. నోరు తెరవమంటే వణికేవాడు. తల్లి వేళ్లతో పెడితేనే తినేవాడు. గొంతులో కొంచెం బొంగురు ఇప్పటికీ ఉంది.

తిరిగి చూపించుకోవడానికి మహబూబాబాద్ అయినా చాలు, అక్కడ గొంతు చూస్తారు అని వరంగల్‌లో చెప్పారు. సౌందర్య అరుణ డాక్టరు దగ్గరికే పోయింది. డాక్టరు పిల్లాడిని చూసి సంతోషించింది. వాడి గొంతు చూసింది. అంతా బాగుందంది. సౌందర్య లేవలేదు. బయట ఇంకా జనం ఉన్నారు. నర్సు పేరు పిలుస్తోంది.

"నేను మీకు అబద్ధం చెప్పలే మేడం," అంది. "నాకు తెల్వదు. తెలిసినోళ్లు నా పక్కకున్నరు, చెప్పలే. గిది మీకు చెప్పి పోదామని వచ్చిన."

అరుణ డాక్టరు పెన్ను పక్కన పెట్టింది. నువ్వు దాస్తున్నవనే అనుకున్నానమ్మా, ఇంటికి పోయి కూడా నీ మీద కోపం తెచ్చుకున్నాను అంది. తల్లినే అడిగాను, నువ్వు ఊళ్లో లేనప్పుడు పిల్లాడి దగ్గర ఎవరున్నారని అడిగి ఉండాల్సింది అని కూడా అంది. సౌందర్యకు ఆ మాటలతో ఏదో తేలికైందని కాదు. ఒక్క మనిషి దగ్గరైనా తన మాట తనకు తిరిగి వచ్చింది, అంతే అని చెప్పింది నాకు.

హరిలాల్ వారం వారం ఆటోలో మామ ఇంటికి వచ్చేవాడు. కొడుకును ఎత్తుకుని తిప్పి, దించి పోయేవాడు. రమ్మని ఒత్తిడి చేయలేదు. పొలం పనులు మొదలయ్యే ముందు సౌందర్యే వెనక్కి వచ్చింది. వచ్చినందుకు కారణం అడిగితే, పోరడు తండ్రి ఆటో చప్పుడు గుర్తుపట్టి ఉరికేటోడు టీచర్, ఎన్నాళ్లు ఆపుతా అంది. వచ్చింది గానీ గంగి పొయ్యి మీద వండలేదు. వాకిలికి ఈ పక్కన రేకులు వేయించుకుని వేరుగా వండుకుంది. గంగి దేనికి భయపడి దాచిందో అదే జరిగింది. పత్తికి ఆమె మళ్లీ పోలేదు. బడిలో వంట పని ఖాళీ ఉందని తెలిసి వచ్చి అడిగింది. పిల్లాడిని వెంట తెచ్చుకోవచ్చా అని మొదటే అడిగింది.

భార్యాభర్తలు మాట్లాడుకుంటారు. నవ్వుకోవడం కూడా చూశాను. కానీ హరిలాల్ పోరడు అన్నం తిన్నాడు అంటే ఆమె పోయి పళ్లెం చూస్తుంది. నిద్రపోయాడంటే పోయి ఊపిరి వింటుంది. అతనికి అది తెలుసు. నాతో ఒకసారి, నేను నిజం చెప్పినా అది ఇక నిజమని అనిపించదు టీచర్, అన్నాడు. మౌనికతో సౌందర్య ఇప్పుడు కట్టెలకు పోదు. బోరింగు దగ్గర అందరితో మంచిగానే ఉంటుంది. కానీ అక్కడ ఎవరు నవ్వినా, ఆ రోజు నా కొడుకు తల నిమిరింది కూడా ఈ చేతులే కదా అనిపిస్తుందట.

మొన్న ఎండాకాలం సెలవులకు ముందు ఒకరోజు నిఖిల్‌కు ఒళ్లు వెచ్చగా ఉందని బడికి తేలేదు. అలాంటప్పుడు వాడిని చూసుకునే చాంద్యాకు ఆ రోజు కుదరక, చేసేది లేక గంగి దగ్గర వదిలి వచ్చింది. మేం పిల్లలకు వడ్డిస్తున్న సమయానికి గంగి ఎండలో నడుచుకుంటూ వచ్చింది. పిల్లాడిని చంకన ఎత్తుకుని ఉంది. ఆయాసపడుతోంది. గేటు దగ్గరే నిలబడి, వీడు గోడ ఎక్కబోయి పడ్డాడు, మోకాలు చెక్కుకుపోయింది, నోట్లో ఏమీ లేదు, నెత్తికి తాకలేదు, నేను కండ్లారా చూసిన, చెప్పిపోదామని వచ్చిన అంది. ఒక్క గుక్కలో అంది.

సౌందర్య చెయ్యి కడుక్కుని వచ్చి కొడుకు మోకాలు చూసింది. నీళ్లతో కడిగింది. నోరు తెరిపించి చూసింది. తల అంతా తడిమింది. సరే, చెప్పి మంచి పని చేసినవు అంది. గంగికి గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆమె తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, కాసేపు వరండా అంచున కూర్చుని వెళ్లిపోయింది.

మర్నాడు బియ్యం ఏరుతూ సౌందర్య నాకు చెప్పింది. సాయంత్రం ఇంటికి పోయి గోడ పక్కన ఉండే వాళ్లను అడిగిందట, పోరడు ఎట్లా పడ్డాడు, నోట్లో ఏమన్నా ఉండెనా అని. ముగ్గురిని అడిగింది. గంగి చెప్పినట్టే చెప్పారు ముగ్గురూ.

"నిజమే చెప్పింది టీచర్," అంది. "ఎండల గంత దూరం నడిచొచ్చి నిజమే చెప్పింది. అయినా అడిగిన."